సంధి కుదరని రాత్రి

ముప్పై ఐదేళ్ల పాటు నేను పిల్లలకు చెప్పిన పాఠాలలో వారిని ఎక్కువగా భయపెట్టినది సంధి ప్రకరణం. పూర్వపదం తెలుసు, పరపదం తెలుసు. రెండూ కలిసే చోట ఏమి జరుగుతుందో తెలియదు. ఏ అచ్చు నిలుస్తుంది, ఏ అచ్చు లోపిస్తుంది, నడుమ ఏది ఆగమంగా వస్తుంది అన్నదే చిక్కు. టెలిఫోను చరిత్ర కూడా అటువంటిదే. మాట్లాడేవాడు, వినేవాడు ఎప్పుడూ ఉన్నారు. వారి నడుమ సంధి కూర్చినది ఎవరన్నదే చరిత్ర.

మొన్న పాత పుస్తకాలు సర్దుతూ ఉండగా 'బాలవ్యాకరణం' అడుగున అరచేయంత పచ్చని పలక ఒకటి దొరికింది. ఒక అంచున బంగారు రంగు పళ్లు, మరొక అంచున టెలిఫోను తీగ దూర్చే రంధ్రాలు. గణకయంత్రాన్ని టెలిఫోను లైనుతో కలిపే కార్డు అది. దానిని ఎన్నుకున్నది నేనే. ఆ ఎన్నిక కథ చెప్పాలంటే కొంచెం వెనుకకు పోవాలి.

మాది ఉదయగిరి కొండ కింది పల్లె. సుమారు 3,000 అడుగుల ఆ కొండ మీది దుర్గాన్ని 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. అంతటి దుర్గం ఉన్న ఊరి నుంచి 1984లో మా తమ్ముడు ఆత్మకూరులో ఉన్న నాకు ఒక్క మాట చేరవేయలేకపోయాడు. నాన్నగారికి తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చింది. తమ్ముడు ఉదయగిరి తపాలా కార్యాలయానికి పరుగెత్తి ట్రంకు కాల్ బుక్ చేశాడు. అప్పట్లో మా వీధి మొత్తానికి టెలిఫోను ఒక బియ్యపు వ్యాపారి ఇంట్లోనే ఉండేది. ఆయన నంబరే మా అందరికీ పి.పి. నంబరు. ఉదయం బుక్ చేసిన కాల్ నాకు సాయంత్రం దీపాలు పెట్టే వేళ అందింది. నేను ఊరు చేరేసరికి నాన్నగారు లేరు.

చాలా ఏళ్లు ఎవరి మీదనో కోపం పెట్టుకున్నాను. తరువాత ఆ వ్యవస్థ నడక తెలిసిన కొద్దీ కోపం కరిగింది. చేతితో కలిపే ఎక్స్ఛేంజిలో ఒక నిలువు బోర్డు, దాని మీద చందాదారుకు ఒక రంధ్రం చొప్పున ఉండేవి. లైను కావలసినవాడు పిలిస్తే గుర్తు కదిలేది. ఆపరేటరు త్రాడు ఒక కొనను అతని రంధ్రంలో, రెండవ కొనను కావలసినవాని రంధ్రంలో గుచ్చేవారు. పరాయి ఊరికి మాట్లాడాలంటే రెండు ఊళ్ల నడుమ ఉన్న కొద్దిపాటి ట్రంకు లైనులలో ఒకటి ఖాళీ కావాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మెట్లు ఉండేవి. డబ్బు ఎక్కువ ఇచ్చినవాని మాట ముందు నడిచేది. ఆనాడు ఆర్డినరీకి మించి చెల్లించే శక్తి మా తమ్ముని జేబుకు లేదు.

మన దేశంలో ఎక్స్ఛేంజీలు కొత్తవి కావు. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసులలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు ప్రారంభమైనట్లు ప్రకటించారు. నాడు కలకత్తా చందాదారులు 93 మంది. మద్రాసుకు ఉత్తరాన పొరుగు జిల్లా మనది. అయినా నగరంలో మోగిన గంట మన పడమటి మెట్ట పల్లెలకు వినిపించడానికి నూరేళ్లు పట్టింది.

నడుమ కూర్చున్న మనిషిని తొలగించాలన్న ఆలోచన అమెరికాలోని కాన్సాస్ నగరంలో శవసంస్కారాల వ్యాపారం చేసే ఆల్మన్ స్ట్రౌజర్‌కు వచ్చింది. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు పోటీదారుకు కలుపుతున్నదని ఆయన అనుమానించాడని ప్రసిద్ధమైన కథ. కథ మాటకేమి గాని, 1891లో ఆయనకు పేటెంటు లభించింది. 1892లో ఇండియానా రాష్ట్రపు లా పోర్టె పట్టణంలో ఆ పద్ధతి ఎక్స్ఛేంజి వెలసింది. చందాదారు నంబరు తిప్పితే ఇనుప చేయి మెట్లు మెట్లుగా కదిలి తనంతట తానే లైను వెదుకుకునేది. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి సిమ్లాలో వచ్చింది, 1913-14లో. చందాదారు నేరుగా పరాయి ఊరికి తిప్పుకునే ఎస్.టి.డి. 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల నడుమ మొదలైంది.

పల్లెకు మేలు చేసినది మాత్రం మరొకటి. 1984 ఆగస్టులో సి-డాట్ సంస్థ ఏర్పడింది. నాన్నగారు పోయిన ఏడాదే! శామ్ పిట్రోడా ప్రేరణతో, 36 నెలలు, 36 కోట్ల రూపాయలు అన్న లెక్కతో బయలుదేరిన సంస్థ అది. పాశ్చాత్యులు పెద్ద నగరాలకు పెద్ద యంత్రాలు చేసి, వాటికి శీతల గదులు కట్టేవారు. మన ఇంజనీర్లు 128 పోర్టుల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని చేసి, ఏసీ లేకుండా మన ఎండనూ దుమ్మునూ తట్టుకునేలా తీర్చారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది మొదటిసారి పని మొదలుపెట్టింది. తరువాతి సంవత్సరాలలో దేశమంతటా పల్లెలకు అటువంటి బీరువాలు చేరాయి. పసుపుపచ్చ ఎస్.టి.డి. బూతుల ముందు రాత్రి రేటు కోసం మనం బారులు తీరిన కాలం అదే. ఉదయగిరికి 08620, ఆత్మకూరుకు 08627 అన్న అంకెలు మా పిల్లలకు ఎక్కాల మాదిరి కంఠస్థం. ట్రంకు ఆపరేటరు గొంతు అంతటితో మూగవోయింది.

ఇక గణకయంత్రం సంగతి. పెద్ద ఎక్స్ఛేంజి చేసే పనిని బల్ల మీది కంప్యూటరు చేత చేయించవచ్చునని 1999లో అమెరికా కుర్రవాడు మార్క్ స్పెన్సర్ నిరూపించాడు. తన చిన్న కంపెనీకి టెలిఫోను వ్యవస్థ కొనే స్తోమత లేక, తానే ఒక ప్రోగ్రాము రాసి 'ఆస్టెరిస్క్' అని పేరుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ప్రోగ్రాము ఉంటే చాలదు, తీగను యంత్రంతో కలిపే కార్డు కావాలి. అంతకుముందు అటువంటి కార్డులకు ధ్వనిని లెక్కకట్టే ప్రత్యేక చిప్పులు ఉండి, ధర ఆకాశాన ఉండేది. జిమ్ డిక్సన్ అనే ఇంజనీరు, ఆ లెక్కలు చేయడానికి కంప్యూటరులోని ప్రాసెసరే చాలునని గ్రహించాడు. మెక్సికో విప్లవవీరుడు జపాటా పేరును తన పథకానికి పెట్టి, కార్డు నమూనాను అందరి ముందూ పరిచాడు. ఆ ఇద్దరి పనీ కలిసింది. స్పెన్సర్ కంపెనీ డిజియం అనే పేరుతో కార్డులు చేసి అమ్మింది. 2018లో దానిని సాంగోమా సంస్థ కొన్నది.

2006లో ఈ సంగతులన్నీ నాకు చెప్పినవాడు నా పూర్వవిద్యార్థి. ఆత్మకూరులో మేము కొందరం కలిసి నడుపుతున్న చిన్న ధర్మ వైద్యశాల ఉండేది. ఉదయగిరి వైపు దానికి ఒక శాఖ. టెలిఫోను లైనులు రెండు. వార్డులో, మందుల గదిలో, డాక్టరుగారి ఇంట్లో మూడు ఫోనులు కావాలి. శాఖలో రాత్రివేళ నర్సమ్మ తప్ప ఎవరూ ఉండరు. ఆమె డాక్టరుగారితో మాట్లాడగలగాలి. "సార్, ఒక పాత కంప్యూటరు ఇప్పించండి. మిగిలినది నేను చూసుకుంటాను" అన్నాడు మావాడు.

కార్డు ఎన్నిక నాకు వ్యాకరణ పాఠంలా తోచింది. మొదటి ప్రశ్న: డిజిటల్ లైనా, మామూలు లైనా? మన దేశంలో వాడే ఇ-1 అనే డిజిటల్ లైను ఒక్కటే సెకనుకు 2.048 మెగాబిట్లతో 30 సంభాషణలను మోస్తుంది. మాకు ఉన్నవి రెండు తీగలు. కనుక మామూలు కార్డే.

రెండవ ప్రశ్న: ఎఫ్‌ఎక్స్‌ఓ ఎన్ని, ఎఫ్‌ఎక్స్‌ఎస్ ఎన్ని? ఎక్స్ఛేంజి ఆఫీసు నుంచి వచ్చే తీగకు పట్టేది ఎఫ్‌ఎక్స్‌ఓ. అది ఫోనులా ప్రవర్తిస్తుంది. 48 వోల్టుల విద్యుత్తునూ గంటనూ పుచ్చుకుంటుంది. మన ఫోను పరికరానికి పట్టేది ఎఫ్‌ఎక్స్‌ఎస్. అది ఎక్స్ఛేంజిలా ప్రవర్తిస్తుంది; విద్యుత్తునూ గంటనూ తానే ఇస్తుంది. ఇచ్చేదానికి ఇచ్చేదాన్ని కలిపితే కార్డు కాలుతుంది. విచిత్రం ఏమంటే, అమరికల ఫైలులో ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు ఎఫ్‌ఎక్స్‌ఎస్ సంకేతమని రాయాలి. ఎదుటివాని భాషలో మాట్లాడాలి గనుక! బహువ్రీహి సమాసం లాగా, పేరు ఒకటి, ప్రాధాన్యం మరొకదానిది.

మూడవ ప్రశ్న ప్రతిధ్వని. రెండు తీగల లైను లోపల నాలుగు తీగల మార్గంగా మారే చోట పొత్తు సరిగా కుదరకపోతే, ఉదయగిరి కొండ ముందు కేక వేసినట్లు మన మాట మనకే తిరిగి వస్తుంది. మంచి కార్డు దానిని మింగుతుంది.

నాలుగవది చట్టం. ఇంటర్నెట్ మీద మాటను 2002 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం కొన్ని హద్దులతో అనుమతించింది. ఇంటర్నెట్ మీద ఒక ఊరికి తెచ్చిన మాటను అక్కడి మామూలు టెలిఫోను లైనులోకి వదిలి ఎస్.టి.డి. రుసుము తప్పించడం ఆనాడు నేరం. మావాడు ఆ రెండు మార్గాలనూ కలవనీయలేదు. శాఖ నుంచి వచ్చే మాట డాక్టరుగారి ఫోను దాకా వచ్చి ఆగేది, బయటి లైనెక్కేది కాదు. "ఇది ప్రకృతిభావం సార్, ఇక్కడ సంధి చేయకూడదు" అని నవ్వాడు. పాఠం మరచిపోలేదని సంతోషించాను.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. నాలుగు మాడ్యూళ్లు పట్టే మంచి కార్డు అతడు అడిగాడు. వైద్యశాల లెక్కల పుస్తకం నా చేతిలో ఉండేది. బయటి లైనులకు అందులో పదో వంతు ధరకు నకలు కార్డులు దొరుకుతాయని ఎవరో చెప్పగా నేను పట్టుబట్టాను. "దానికి మన లైను మర్యాద తెలియదు సార్" అన్నాడు. "లైనుకు మర్యాద ఏమిటయ్యా, రెండు తీగలే కదా" అన్నాను. గురువు మాట కాదనలేక ఊరుకున్నాడు.

మర్యాద అంటే ఇది. అవతలివాడు ఫోను పెట్టేసినపుడు ఆ సంగతి మన యంత్రానికి తెలియాలి. మాకు వచ్చిన లైనులో అందుకు వేరే సంకేతం లేదు. 400 హెర్ట్జ్ ఎంగేజ్ ధ్వని ముప్పాతిక సెకను మోగి, ముప్పాతిక సెకను ఆగి, మళ్లీ మోగుతుంది. మనిషి ఆ కూత విని ఫోను పెట్టేస్తాడు. అమెరికా అలవాట్లకు పుట్టిన ఆ నకలు కార్డు, తనకు చేరిన బలహీనపు ధ్వనిలో మన కూతను గుర్తుపట్టలేదు. అవతల ఎవరూ లేకపోయినా లైనును పట్టుకొనే ఉండేది.

పెట్టిన మూడవ వారంలో ఒక రాత్రి రెండు లైనులూ అలాగే చిక్కుకున్నాయి. తెల్లవారి మొదటి బస్సులో ఒక ముసలాయనను పడుకోబెట్టుకొని ఆయన కొడుకు వచ్చాడు. పక్షవాతం. ఎడమ చేయి, కాలు పడిపోయాయి. డాక్టరుగారు చూస్తూ ఉండగా ఆ కొడుకు నా దగ్గరికి వచ్చి, కోపం లేకుండా అడిగాడు: "అయ్యోరా, రాత్రంతా ఫోను చేస్తానే ఉండాను. అంతసేపు ఎవరితో మాట్లాడినారు?"

ఎవరితోనూ మాట్లాడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఫోను కలిసి ఉంటే ఆ చేయి నిలిచేదా? డాక్టరుగారు చెప్పలేనన్నారు. నేను 1984లో పడిన వేదనను ఇరవై రెండేళ్ల తరువాత మరొక కొడుకుకు నా చేతులతోనే ఇచ్చాను. ఆనాడు బోర్డు మీద త్రాళ్లు చాలక మాట ఆగింది. ఈనాడు త్రాడు ఉంది, విడువవలసినప్పుడు అది విడువలేదు. కలపడమే గొప్ప అనుకున్నాను గాని, విడదీయడం కూడా ఆపరేటరు పనే అని అప్పటిదాకా నాకు తట్టలేదు. లైట్నింగ్ కాల్‌కు డబ్బు లేక పోగొట్టుకున్నవాణ్ణి, డబ్బు మిగల్చబోయి మరొకరి చేత పోగొట్టించాను.

ఆ వారమే మంచి కార్డు తెప్పించాము. మన కూత కొలతలు అమరికలలో రాయించాడు మావాడు. మరొక పని కూడా చేశాడు: ఒక లైనును కంప్యూటరుకు ఇవ్వనే లేదు. మామూలు ఫోనుకు నేరుగా తగిలించి వార్డు గోడకు పెట్టాడు. ఎక్స్ఛేంజి తన బ్యాటరీల నుంచి తీగలోనే విద్యుత్తు పంపుతుంది గనుక, కరెంటు పోయినా, కంప్యూటరు ఆగినా అది మోగుతుంది. "ఎంత మంచి కార్డైనా నమ్మకూడనిది ఒకటి ఉండాలి సార్" అన్నాడు. అప్పటి నుంచి ఆ నంబరే ఊళ్లలో పంచాము.

ఆ వైద్యశాల ఇప్పుడు లేదు. ప్రతి జేబులోనూ ఫోను ఉన్న కాలంలో ఈ కార్డుల అవసరమూ చాలా వరకు తీరిపోయింది. మావాడు ఎక్కడో దూరదేశంలో ఇదే విద్యతో బతుకుతున్నాడు. పండుగలకు ఫోను చేస్తాడు. మాట ముగిశాక తాను ముందు పెట్టడు, నేను పెట్టేదాకా ఆగుతాడు.

నకలు కార్డును పారవేయలేదు. సంధి ప్రకరణం ఉన్న పుట దగ్గర దానిని మళ్లీ ఉంచి పుస్తకం మూశాను. మిత్రులలో ట్రంకు కాల్ కోసం తపాలా కార్యాలయపు బల్ల మీద కూర్చున్నవారు ఉంటే, ఆ జ్ఞాపకాలు కింద రాయండి. ఆ త్రాళ్లు గుచ్చిన ఆపరేటర్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. వారిని ఎరిగినవారు మన తరంతోనే సరి.