వీడియో చాటున వెలువడిన రహస్యములు

ఇంటర్నెట్టులోని వేదికకు పంపిన వీడియో, పంపిన రూపముననే ప్రేక్షకులకు చేరదు. అక్కడి సర్వరు దానిని విప్పి, చిన్న తెరకును పెద్ద తెరకును తగినట్లు మరల కూర్చును. ముఖచిత్రముగా ఒక బొమ్మను తీసి పెట్టును. ఈ చాకిరి చేయు ప్రోగ్రాములలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ సుప్రసిద్ధము. దీనిని ఫ్రాన్సు దేశీయుడైన ఫాబ్రీస్ బెల్లార్డ్ 2000లో ప్రారంభించెను. ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును గనుక పెక్కు వీడియో వేదికలు దీనిపై ఆధారపడినవి.

2009లో ఆపిల్ సంస్థ హెచ్.ఎల్.ఎస్. అను ప్రసార పద్ధతిని ప్రవేశపెట్టెను. ఇందులో వీడియోను చిన్న ముక్కలుగా కోయుదురు. ఏ ముక్క ఎక్కడ దొరకునో తెలుపు చిట్టా ఒకటి వేరుగా ఉండును. పచారీ చిట్టాలో పప్పు ఉండదు, పప్పు దొరకు అంగడి పేరుండును, ఇదియు అట్టిదే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆ చిట్టాను చదివి, చెప్పిన చోటికెల్ల పోయి ముక్కలు తెచ్చును. చిట్టా వ్రాసినవాడెవడని అడుగదు. పైగా అది ఫైలు పేరును బట్టిగాక లోపలి సరకును బట్టి రకమును గుర్తించును గనుక, చిట్టాకు వీడియో పేరు తగిలించి పంపినను చెల్లెడిది.

ఈ విధేయతలోని ప్రమాదము 2016 జనవరిలో బయటపడెను. రెండు ఫైళ్ళను అతికి ఒకటిగా చదువు సౌకర్యము ఆ ప్రోగ్రాములో ఉన్నది. మోసగాడు తన సర్వరులో ఒక అసంపూర్తి చిట్టాను ఉంచును. దాని చివర తన సర్వరు చిరునామా మాత్రముండి, పంక్తి ముగియకుండును. దానికి వీడియో వేదిక యంత్రములోని ఏదేని ఫైలును అతికించుమని తాను పంపిన 'వీడియో'లో వ్రాయును. ఆ ఫైలు మొదటి పంక్తి చిరునామాకు తోకగా అతుకుకొనును. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అదియొక ముక్క చిరునామా యనుకొని తలుపు తట్టును. తట్టుటతోనే రహస్యము మోసగాని చేతబడును! మొదటి పంక్తియే గదా యని ఊరడిల్లుటకు వీలులేదు. ఫైలులో కోరిన భాగమును కత్తిరించి చదువు మరియొక సౌకర్యముతో తక్కిన పంక్తులను కూడ లాగవచ్చునని అప్పుడే తేలినది. సర్వరు ఫైళ్ళలో డేటాబేసు సంకేతపదములు ఉండుట కలదు. 2.8.5 కూర్పులో ఈ రెండు రంధ్రములను పూడ్చిరి.

కథ అంతటితో తీరలేదు. 2017లో ఎ.వి.ఐ. వీడియో లోపలి ఉపశీర్షికల చోట చిట్టాను దాచు ఉపాయము వెలువడినది. ఈసారి రహస్యము చిరునామాలో పోలేదు. పాత టెర్మినల్ తెరల అక్షరములను బొమ్మగా మార్చు భాగమొకటి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఉన్నది. దాని గుండా ఫైలు అక్షరములు తయారైన వీడియోలోనే కనబడెను. దొంగ దానిని తాపీగా చూచి చదువుకొనవచ్చును.

తన కంప్యూటరులో తన ఫైళ్ళనే తెరచుకొనువానికి ఈ సౌకర్యములు మేలే చేసినవి. అపరిచితులు పంపినదానిని రహస్యములున్న యంత్రముననే విప్పుట అసలు పొరపాటు. విప్పు పనిని వేరు యంత్రమున, బయటి సంబంధము లేకుండ జరిపించిన వేదికలకు నష్టము స్వల్పము. 2017 సవరణతో చిట్టాలోని స్థానిక ఫైళ్ళ పేర్లకు తనిఖీ వచ్చినది. వింత పేర్లతో ముక్కలు దాచుకొన్న నిజాయితీపరులు మాత్రము, ఏ పేర్లు అనుమతింపవలెనో నాటినుండి ప్రోగ్రామునకు విడిగా చెప్పుకొనవలసి వచ్చెను.