ఒకే కథ, ఒకే డైరెక్టర్, రెండు సినిమాలు: హాలీవుడ్ దాచిన ప్రేమలు

విలియం వైలర్ అనే హాలీవుడ్ డైరెక్టర్ ఒకే కథని రెండుసార్లు సినిమా తీశాడు. 1936లో ఒకసారి, 1961లో ఇంకోసారి. మొదటిసారి కథలో అసలు పాయింటే తీసేయాల్సి వచ్చింది. ఏంటా పాయింట్? ఒక అమ్మాయి ఇంకో అమ్మాయిని ప్రేమించడం. ఆ పాతికేళ్లలో హాలీవుడ్ ఈ విషయాన్ని ఎలా దాచింది, దాస్తూనే ఎలా చూపించింది? ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు రూల్ సంగతి. దాని పేరు ప్రొడక్షన్ కోడ్. నేను బీటెక్ బ్యాచ్ కదా, కోడ్ అంటే నాకు జావా గుర్తొస్తుంది. ఇది మాత్రం సినిమాలో ఏమేం చూపించకూడదో చెప్పే లిస్ట్. రాసింది 1930లో. గట్టిగా అమలైంది మాత్రం 1934 నుంచి, జోసెఫ్ బ్రీన్ అనే ఆయన వచ్చాక. మన సెన్సార్ బోర్డు పూర్తయిన సినిమా చూసి కట్స్ చెప్తుంది. బ్రీన్ ఆఫీసు అయితే షూటింగ్‌కి ముందే స్క్రిప్ట్ తెప్పించుకుని చదివేది. స్వలింగ ప్రేమ చూపించకూడదు, కనీసం ఉన్నట్టు అనిపించనూ కూడదు.

ఇప్పుడు వైలర్ కథకి వద్దాం. లిలియన్ హెల్మన్ 1934లో 'ది చిల్డ్రన్స్ అవర్' అనే నాటకం రాసింది. ఇద్దరు స్నేహితురాళ్లు ఆడపిల్లల స్కూల్ నడుపుతుంటారు. వాళ్లిద్దరూ ప్రేమికులని ఒక స్టూడెంట్ పుకారు పుట్టిస్తుంది. స్కూల్ మూతపడుతుంది. 1936లో సినిమా తీసేటప్పుడు ఆ నాటకం పేరు కూడా వాడనివ్వలేదు. 'దీస్ త్రీ' అని పెట్టారు. పుకారు కూడా మారిపోయింది: ఒకామె ఫ్రెండ్‌కి కాబోయే భర్తతో ఇంకొకామెకి సంబంధం ఉందని!

మరి మిగతావాళ్లు ఏం చేశారు? వర్క్‌అరౌండ్ వెతికారు. 'ది మాల్టీస్ ఫాల్కన్' నవలలో జోయెల్ కైరో గే అని సూటిగానే ఉంటుంది. 1941 సినిమాలో ఆ మాట ఉండదు. సెంటు వాసనొచ్చే అతని విజిటింగ్ కార్డు చాలు, అర్థమైనవాళ్లకి అర్థమైపోతుంది. 1948లో హిచ్‌కాక్ తీసిన 'రోప్'లో ఒకే ఫ్లాట్‌లో ఉండే ఇద్దరు కుర్రాళ్లు ఫ్రెండ్‌ని చంపుతారు. వాళ్లిద్దరి మధ్య ఏముందో ఎవరూ పైకి అనరు. స్క్రీన్‌ప్లే రాసిన ఆర్థర్ లారెంట్స్ గే.

1959లో మళ్లీ మన వైలరే. సినిమా 'బెన్ హర్'. చిన్ననాటి స్నేహితులు బెన్ హర్, మెస్సాలా ఒకప్పుడు ప్రేమికులన్న ఆలోచన తనదేనని, అది మెస్సాలా వేసిన స్టీఫెన్ బాయిడ్‌కి మాత్రమే చెప్పి, హీరో చార్ల్‌టన్ హెస్టన్‌కి చెప్పలేదని రచయిత గోర్ విడాల్ తర్వాత చెప్పాడు. హెస్టన్ మాత్రం ఒప్పుకోలేదు. ఎవరిది నిజమైనా, వాళ్లు మళ్లీ కలుసుకునే సీన్‌లో బాయిడ్ కళ్లు ఒకసారి చూడండి.

'స్పార్టకస్'ది ఇంకో కథ. స్నానాల గదిలో యజమాని తన బానిసతో నత్తల రుచి, ఆయిస్టర్ల రుచి గురించి మాట్లాడతాడు. మాట తిండి గురించి, అర్థం వేరే. 1960 రిలీజ్‌కి ముందే ఆ సీన్ లేపేశారు. 1991లో మళ్లీ కలుపుదామంటే సౌండ్ పోయింది, లారెన్స్ ఒలీవియే అప్పటికే చనిపోయాడు. ఆయనకి ఆంథోనీ హాప్‌కిన్స్ డబ్బింగ్ చెప్పాడు.

1961లో కోడ్ కాస్త సడలింది. వైలర్ అసలు పేరుతో, అసలు పాయింట్‌తో 'ది చిల్డ్రన్స్ అవర్' మళ్లీ తీశాడు. ఆడ్రీ హెప్‌బర్న్, షిర్లీ మెక్‌లేన్ చేశారు. మొదటి సినిమాలో మార్తాగా చేసిన మిరియం హాప్‌కిన్స్, ఇందులో ఆ మార్తాకే అత్త! ఈసారి పుకారు అబద్ధమే అయినా, తన మనసులో ఉన్నది ప్రేమేనని మార్తా ఏడుస్తూ ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ఉరేసుకుంటుంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. ఈ వర్క్‌అరౌండ్లు భలే తెలివైనవి, ఒప్పుకుంటా. కానీ లిస్ట్ చూడండి: ఒక దొంగ, ఇద్దరు హంతకులు, ఒక విలన్, బానిసని కోరుకునే యజమాని. చివరికి నోరు తెరిచి చెప్పే ఛాన్స్ వచ్చిన మార్తాకి చావు. థియేటర్ చీకట్లో తనలాంటి వాళ్లని తెరమీద వెతుక్కున్న కుర్రాడికో, అమ్మాయికో దొరికినవి ఇవే. 1968లో కోడ్ పోయి రేటింగ్స్ వచ్చాయి. రూల్ మార్చడానికి ఒక సంతకం సరిపోతుంది. ఆ రూల్ నేర్పిన భయం మాత్రం అంత తొందరగా పోదు.

ఉంటాను మరి, తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం.