బొగ్గుసీమలో రోగిపరిచర్యయు పరిశోధనయు

భూగర్భమందలి బొగ్గును గూర్చి జరిగినంత పరిశోధన, ఆ బొగ్గును త్రవ్వువాని ఊపిరిని గూర్చి జరిగినదా? బెల్లంపల్లి చరిత్రమును తలచినపుడెల్ల మాకీ ప్రశ్న తోచుచున్నది.

1871లో విలియం కింగను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు చెంత బొగ్గు కలదని కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ హక్కులు పొందెను. 1889లో త్రవ్వకము సాగెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. ఆ దశాబ్దపు చివర గనులు బెల్లంపల్లి సీమకు వ్యాపించెను. పొరల మందమును, లోతును, వాలును కొలిచి పటములు గీసిరి. దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు మాత్రమట్టి కొలత వలదా?

నర్సుపని చేతిపని మాత్రమే యనియు, ఆలోచన వైద్యునిదే యనియు మనలో ననేకులు తలచుచున్నారు. ఇది తప్పని ఏనాడో ఋజువైనది. క్రిమియా యుద్ధమున గాయములకంటె నివారింపదగిన వ్యాధులవలననే సైనికు లెక్కువగా మరణించిరని ఫ్లారెన్సు నైటింగేలు లెక్కకట్టి, రంగుల పటములతో పాలకులకు చూపెను. 1858లో లండను గణాంకసంఘ మామెను తొలి మహిళాసభ్యురాలిగా గైకొనెను. ఆమె దీపమును మన మెఱుగుదుము. ఆమె లెక్కలను మఱచితిమి.

వేల్సు బొగ్గుసీమలో 1950 మొదలు ఆర్చీ కొక్రేను అను వైద్యుడు రోండా లోయ గనికార్మికులకు ఎక్సురేలు తీయించి, ఏండ్ల తరబడి వారిని మరల మరల పరీక్షించెను. దుమ్ముజబ్బును గూర్చిన యెఱుక ఇట్టి ఓపికవలన పెరిగినది.

మన దేశమున 1946 నాటి భోరు సంఘనివేదిక సుమారు 43,000 మందికొక నర్సు కలదని తెల్పెను. ఆ యేడే ఢిల్లీలో నర్సింగు కళాశాల వెలసెను. 1947లో భారత నర్సింగు మండలి చట్టమును, 2021లో అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమును వచ్చెను. చట్టము పట్టము నిచ్చును గాని ప్రశ్నించు బుద్ధి నీయజాలదు.

ఆయాసముతో వచ్చిన కార్మికుడు ఏ పనిలో ఎన్నేండ్లుండెనో వినునది నర్సు. ఎక్సురే తీయువారొకరు, కఫము పరీక్షించువారొకరు, ఊపిరి వ్యాయామము నేర్పువారు మఱొకరు. ఈ నలుగురి యెఱుక నాలుగు కాగితములందు చెదరియున్నచో నది శాస్త్రమగునా? క్షయయో దుమ్ముజబ్బో తేలకున్న మందు తప్పును. దుమ్ముజబ్బని ఋజువు కాకున్న ఆ కుటుంబమునకు నష్టపరిహారము చేజాఱును.

నర్సులే చాలనిచోట పరిశోధన యేల యని కొంద ఱందురు. చాలరు గనుకనే, ఏ పరిచర్య ప్రాణమును నిలుపునో, ఏది వ్యర్థమో తెలియవలెను. దీనికి మేడలక్కఱలేదు. వారమున కొకపూట వారిని వ్రాతపనికి విడువవలెను. ప్రశ్నావళి తెలుగున నుండవలెను. రోగి సమ్మతి గైకొని పేరు దాచవలెను. గణితము తెలిసిన యొకరు తోడుండవలెను. తేలిన ఫలితమును కార్మికవాడలోనే చదివి వినిపింపవలెను.

గని దిగువానికి దీపమిచ్చి పంపుచున్నాము. వాని ఊపిరిని కనిపెట్టియుండువారికి కలమును, కాలమును ఈయకుండుట న్యాయము కాదు.