ఆపరేషన్ సక్సెస్... మరి సెప్సిస్ ఎందుకొస్తుంది?

తిరుపతిలో రుయా, స్విమ్స్, పక్కనే వేలూరులో సీఎంసీ. మన చిత్తూరు వైపు వాళ్ళకి పెద్ద ఆపరేషన్ అంటే గుర్తొచ్చేవి ఇవే. అయితే ప్రపంచంలో ఏ పెద్దాసుపత్రికి పోయినా ఐసీయూ బయట ఒక మాట వినిపిస్తుంది: "ఆపరేషన్ బాగానే జరిగిందమ్మా, కానీ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయింది." ఈ మాట వెనకాల 170 ఏళ్ళకు పైబడిన కథ ఉంది.

ముందు సెప్సిస్ అంటే ఏందో చూద్దాం. ఒంట్లోకి క్రిమి దూరితే శరీరం దాంతో పోరాడుతుంది. ఆ పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీస్తే, అదే సెప్సిస్. బీపీ పడిపోతుంది, కిడ్నీలు పనిచేయవు, ఊపిరి అందదు. ఆపరేషన్ అయ్యి ఐసీయూలో ఉన్నోళ్ళకి రిస్క్ ఇంకా జాస్తి. మన చర్మం కాంపౌండ్ గోడ లాంటిది. ఆపరేషన్ కోత, మెడలో సెంట్రల్ లైన్, మూత్రం గొట్టం, వెంటిలేటర్ ట్యూబ్... అన్నీ ప్రాణం నిలబెట్టేవే. కానీ ఒక్కొక్కటీ ఆ గోడకి ఒక కంత.

1847, వియన్నా. డాక్టర్లు పోస్ట్‌మార్టం చేసి నేరుగా కాన్పులకి వచ్చేవాళ్ళు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ వాళ్ళచేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న బాలింతల మరణాలు కొన్ని నెలల్లోనే 2 శాతం దగ్గరికి దిగాయి. అయినా తోటి డాక్టర్లలో చాలామంది నమ్మలేదు. 1865 ఆగస్టు 13న ఆయన ఒక పిచ్చాసుపత్రిలో, గాయానికి ఇన్ఫెక్షన్ సోకి చనిపోయాడు.

సరిగ్గా దానికి ముందురోజు, ఆగస్టు 12న, గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్, కాలు విరిగి ఎముక బయటికొచ్చిన 11 ఏళ్ళ పిల్లాడికి కార్బాలిక్ యాసిడ్‌తో కట్టు కట్టాడు. గాయం చీము పట్టలేదు, కాలు నిలిచింది.

సరే, బయట క్రిమిని ఆపొచ్చు. రక్తంలోకి దూరినాక? 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి పెన్సిలిన్ ఇచ్చారు. కోలుకుంటా ఉండగా మందు అయిపోయింది. మనిషి దక్కలేదు. పైగా పేగుల్లో ఉండే చాలా క్రిములకి పెన్సిలిన్ సరిగ్గా పనిచేయదు. కడుపు ఆపరేషన్లలో భయమంతా వాటితోనే.

ఇక్కడే మన తెలుగాయన వస్తాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఆపరేషన్ గదికి ఖద్దరు గౌను వేసుకెళ్ళి సర్జరీ ప్రొఫెసర్ కోపానికి గురయ్యాడు, పూర్తి ఎంబీబీఎస్‌కి బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నాడు. అదే మనిషి తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీ రీసెర్చ్ డైరెక్టర్ అయ్యాడు. ఫార్వర్డుల్లో ఆరియోమైసిన్ ఆయనే కనిపెట్టాడని ఉంటుంది. లెక్క సరిగ్గా చెప్పుకుందాం: మిస్సోరీ పొలం మట్టిలోంచి దాన్ని పట్టింది బెంజమిన్ డగ్గర్ అనే రిటైరైన ప్రొఫెసర్. ఆ పరిశోధన మొత్తాన్ని నడిపించింది సుబ్బారావు. పెన్సిలిన్‌కి లొంగని చాలా క్రిముల మీద కూడా పనిచేసిన టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. 1948లో దాన్ని ప్రపంచానికి చూపించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

మరి ఇంత జరిగినాక ఇప్పటికీ ఆ మాట ఎందుకు వింటున్నాం? క్రిములూ నేర్చుకున్నాయి. 2010లో లాన్సెట్ పత్రికల్లో వచ్చిన ఒక అధ్యయనం, ఐసీయూల్లో వాడే బలమైన మందులకి కూడా లొంగని ఎన్‌డీఎం-1 రకాన్ని మన పక్కనున్న చెన్నై శాంపిల్స్‌లోనూ చూపించింది. అలాంటప్పుడు డాక్టర్ల చేతిలో మిగిలే ఆఖరి మందుల్లో కొలిస్టిన్ ఒకటి. దాన్ని కోళ్ళ మేతలో కూడా కలిపేవాళ్ళు! 2019 జులైలో కేంద్రం పశువులకి, కోళ్ళకి, చేపలకి దాన్ని నిషేధించింది. కోళ్ళ ఫారాలు ఇన్ని ఉన్న మన జిల్లాకి ఇది దూరపు వార్త కాదు.

2017లో ప్రపంచంలో సెప్సిస్‌తో సుమారు 1 కోటి 10 లక్షల మంది పోయారని అంచనా. కాబట్టి మనవాళ్ళని చూడ్డానికి ఐసీయూకి పోతే చేతులు కడుక్కోండి. ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చిన మనిషికి చలి జ్వరం, ఆయాసం, మాట తడబడ్డం, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రే తీసుకుపోండి. జలుబుకి మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగొద్దు. ఈ ఎపిసోడ్‌ని మీ ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మళ్ళీ కలుద్దాం!