సెయింట్ ఆన్స్ కాన్వెంటు: మరువరాని సేవ

మన పట్టణపు క్రైస్తవ సేవను స్మరించునప్పుడు మన సంఘపు ప్రహరీ లోపలనే నిలిచిపోవుట తగదు. పాత సికింద్రాబాదులోని సెయింట్ ఆన్స్ కాన్వెంటు కథోలిక సహోదరీలు స్థాపించినదే. అయినను దాని మేలు అనేక సంఘముల, అనేక మతముల కుటుంబములు పొందినవి.

1806లో సికిందర్ జా పేరు పొందిన ఈ పట్టణము ఆంగ్లేయుల సైనిక స్థావరము. ఇచ్చటి ఐరిష్ సిపాయిలలో కథోలికులు అనేకులు. 1850లో సెయింట్ మేరీస్ దేవాలయము కట్టబడెను. 1855 మొదలు మిలాను మిషనరీ గురువులు వచ్చిరి. గురువులు ఉండిరి గాని, ఆడపిల్లలను చేరదీసి చదువు చెప్పు స్త్రీలు కావలసియుండిరి.

ఆ కొరత తీర్చినది ఇటలీలోని టూరిన్ నగరము. అక్కడ బరోలో ప్రభు దంపతులైన తంక్రేది, జూలియా 1834లో సెయింట్ ఆన్ సహోదరీల సభను స్థాపించిరి. సంతానము లేని ఆ దంపతులు బీదల బిడ్డలనే తమ బిడ్డలుగా ఎంచిరి. జూలియమ్మ చెరసాలలోని స్త్రీలను దర్శించి, వారి బాగుకై పాటుపడెను. 1871లో సభాధిపతియైన మదర్ ఎన్రికెట్టా దొమినిచి సహోదరీలను సికింద్రాబాదుకు పంపెను.

సూయెజ్ కాలువ తెరచి అప్పటికి రెండేండ్లే. సికింద్రాబాదుకు రైలు వచ్చినది 1874లో. కనుక సముద్రము దాటిన పిమ్మటను కడపటి మజిలీలు రైలు లేని దారినే సాగినవి. ఆ యేటనే పాఠశాల ఆరంభమాయెను. 1901 జనాభా లెక్కల నాటికిని నిజాం రాజ్యమున అక్షరములు వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరైనను లేరన్నచో, ముప్పది యేండ్ల ముందటి ఆ పూనిక ఎంతటిదో గ్రహింపగలము.

ఒక మాట దాచరాదు. కంటోన్మెంటు నీడన పెరిగిన ఆంగ్ల విద్య బీదల యిండ్లకు చేరుట ఆలస్యమైనది. ఇది ఒక్క కాన్వెంటు సంగతి కాదు. మన క్రైస్తవ పాఠశాలలన్నిటి సంగతి. జీతము కట్టలేని తల్లి నేడు మన గుమ్మమున నిలిచినచో ఏమి బదులు చెప్పుదుము? చెరసాల స్త్రీల యొద్దకు వెళ్లిన సేవకు కొలత అదియే.

1947లో ఆంగ్లేయుల పాలన ముగిసెను, పాఠశాల నిలిచెను. మదర్ దొమినిచిని 1978లో ఆరవ పౌలు పోపు ధన్యురాలిగా ప్రకటించిరి. ఆమె పంపగా వచ్చి, మన పిల్లలకు అక్షరములు దిద్దించిన సహోదరీలలో పెక్కుమంది పేర్లు మనకు తెలియవు. వారిని దేవుడు ఎరుగును. వారి ఋణము తీర్చు మార్గము ఒక్కటే: మన వీధిలో బడికి పోని ఆడపిల్లను బడికి పంపుదము.