అశ్వక్రీడలలో ప్రాయోజకత్వం

గుర్రపు స్వారీ పోటీలలో పాల్గొనే క్రీడాకారునికి కావలసిన గుర్రం, శిక్షణ, ప్రయాణం మొదలైన ఖర్చులను ఒక వ్యక్తి గాని, వ్యాపార సంస్థ గాని భరించడాన్ని అశ్వక్రీడలలో ప్రాయోజకత్వం లేక స్పాన్సర్‌షిప్ అంటారు. స్వారీని వృత్తిగా కాక అభిరుచితో అభ్యసించే ఔత్సాహిక రౌతులకు ఇది చాలా ముఖ్యమైన విషయం. ఇతర క్రీడలలో ప్రాయోజకుడు క్రీడాకారుని పోషిస్తాడు. ఇక్కడ ఆయన ముందుగా పోషించవలసినది గుర్రాన్ని. ఈ క్రీడలో ప్రాయోజకత్వానికి సంబంధించిన చిక్కులు చాలావరకు ఈ తేడా నుండి పుట్టినవే.

మలక్‌పేట రేసుకోర్సు వలన తెలుగువారికి పరిచయమైన గుర్రప్పందేలు వేరు, అశ్వక్రీడలు వేరు. ఒలింపిక్స్‌లో ఉన్న అశ్వక్రీడలు మూడు: డ్రెసాజ్, షో జంపింగ్, ఈ రెంటితో పాటు మైదానపు పరుగు కూడా కలిసిన ఈవెంటింగ్. వీటిలో స్త్రీపురుషులు కలిసే పోటీపడతారు. ఈ క్రీడలను పర్యవేక్షించే అంతర్జాతీయ సమాఖ్య (ఎఫ్.ఇ.ఐ.) 1921లో ఏర్పడినది.

ఖర్చు

క్రికెట్ బ్యాటును పోటీలు లేనప్పుడు అటక మీద పెట్టవచ్చు. గుర్రం మాత్రం పోటీ ఉన్నా లేకున్నా మేత మేస్తుంది. దాణా, శాల అద్దె, కాపరి జీతం, పశువైద్యం, కొన్ని వారాలకొకసారి మార్చవలసిన లాడాలు, శిక్షకుని రుసుము ఏడాది పొడుగునా తప్పనివి. మనదేశంలో పందేల నుండి విరమించిన గుర్రాలు స్వారీ క్లబ్బులకు చేరుతుంటాయి కనుక నేర్చుకొనే దశలో ఖర్చు కొంత తగ్గుతుంది. అంతర్జాతీయ స్థాయికి చేరాలంటే అవి సాధారణంగా చాలవు.

దీనికి తోడు అశ్వవ్యాధులకు సంబంధించిన నిబంధనల వలన మన గుర్రాలను ఐరోపాకు నేరుగా తీసుకొనిపోవడం వీలుకాలేదు. అందువలన భారతీయ రౌతులు అక్కడే గుర్రాన్ని సంపాదించి, అక్కడే ఉండి శిక్షణ పొందవలసి వచ్చినది. 2025లో మీరట్ కంటోన్మెంటులో సైన్యానికి చెందిన ఒక అశ్వ ప్రాంగణాన్ని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ వ్యాధిరహితమైనదిగా గుర్తించినది.

చరిత్ర

ప్రాచీన గ్రీసు ఒలింపిక్స్‌లో రథపు పందెం గెలిచినప్పుడు కిరీటం సారథికి దక్కేది కాదు, గుర్రాల యజమానికి దక్కేది. స్పార్టా రాజకుమారి కినిస్కా క్రీ.పూ. 396లోను, 392లోను ఈ విధంగానే విజేత అయినది. ఖర్చు భరించినవారిదే విజయం అనే ఆనాటి పద్ధతిని చూస్తే ప్రాయోజకత్వం కొత్త విషయమేమీ కాదని తెలుస్తుంది.

ఆధునిక ఒలింపిక్స్‌లో 'ఔత్సాహికుడు' అనే మాటకు మొదట విచిత్రమైన అర్థం ఉండేది. సైనికాధికారి ఔత్సాహికుడు, అదే సైన్యంలోని సార్జెంటు కాదు. 1948 లండన్ పోటీలలో డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచిన స్వీడన్, తమ రౌతులలో ఒకరైన గేనాల్ పెర్సన్ నిజానికి అధికారి కాడని తేలడంతో మరుసటి ఏడాది ఆ పతకాన్ని కోల్పోయినది. 1952 నుండి ఈ ఆంక్ష తొలగినది. 1970 దశకంలో బ్రిటన్‌లో వ్యాపార సంస్థలు బాహాటంగా రంగంలోకి వచ్చాయి. అక్కడి ప్రసిద్ధ రౌతు హార్వే స్మిత్ ఎక్కిన ఒక గుర్రం పేరే 'సాన్యో మ్యూజిక్ సెంటర్'. పాపం, గుర్రానికి ఆ పేరు నచ్చిందో లేదో!

అమెరికాలో ఔత్సాహికులకు ప్రత్యేకంగా పోటీలు కలవు. ఇతరుల గుర్రాలపై స్వారీ చేసినందుకు గాని, స్వారీ నేర్పినందుకు గాని డబ్బు తీసుకొన్నవారు వాటికి అర్హత కోల్పోతారు. కనుక అటువంటి పోటీలలో పాల్గొనేవారు ప్రాయోజకుని సొమ్ము ముట్టకముందే నియమావళి చదువుకోవడం అవసరం.

గుర్రం ఎవరిది?

2010లో అమెరికాలోని కెంటకీలో జరిగిన ప్రపంచ పోటీలలో నెదర్లాండ్స్ రౌతు ఎడ్వర్డ్ గాల్, టోటిలాస్ అనే గుర్రంపై మూడు స్వర్ణాలు గెలిచాడు. కొద్ది వారాలకే యజమానులు ఆ గుర్రాన్ని జర్మనీకి అమ్మివేశారు. దానిని ఆ స్థాయికి తీర్చిదిద్దిన రౌతు ఒక్కసారిగా గుర్రం లేనివాడయ్యాడు. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేదు. ప్రపంచ విజేతకే ఇది తప్పనప్పుడు ఔత్సాహికుని సంగతి చెప్పనక్కరలేదు. ఒలింపిక్స్‌కు గుర్రం యజమాని కూడా రౌతు దేశానికి చెందినవాడై ఉండాలనే నియమం ఉన్నది కనుక, భారతీయ రౌతుకు భారతీయ యజమానే కావాలి.

భారతదేశంలో

1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో ఈవెంటింగ్‌లో రఘుబీర్ సింగ్ వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. జట్టు స్వర్ణం కూడా భారత్‌కే లభించినది. ఆ కాలంలో గుర్రాన్ని, మేతను, శిక్షణను సమకూర్చినది సైన్యమే. అనగా చాలాకాలం మన అశ్వక్రీడలకు అసలైన ప్రాయోజకుడు సైన్యమే అనవచ్చు.

సైన్యంతో సంబంధం లేని రౌతుకు ఆ స్థానంలో ఎవరు నిలవాలనే ప్రశ్నకు బెంగళూరుకు చెందిన ఫవాద్ మీర్జా ఉదాహరణ. ఎంబసీ గ్రూపు అనే సంస్థ ఆయనకు గుర్రాలను సమకూర్చి, జర్మనీలో శిక్షణకు తోడ్పడినది. 2018 జకార్తా ఆసియా క్రీడలలో సెన్యూర్ మెడికాట్ అనే గుర్రంపై ఆయన వ్యక్తిగత రజతం, జట్టు రజతం సాధించాడు. 1982 తరువాత ఈ క్రీడలో భారత్‌కు దక్కిన మొదటి వ్యక్తిగత పతకం అదే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానం పొందాడు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచారు. వీరు నలుగురూ ఐరోపాలో శిక్షణ పొందినవారే.

కంపెనీల చట్టం

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఒలింపిక్ క్రీడలలో శిక్షణ ఇందుకు తగిన కార్యంగా 7వ షెడ్యూలులో పేర్కొనబడినది. ఇటువంటి ఖర్చు మామూలుగా దేశంలోనే జరగాలి; రాష్ట్రానికో దేశానికో ప్రాతినిధ్యం వహించే క్రీడాకారులకు విదేశంలో ఇప్పించే శిక్షణకు మాత్రం 2021 సవరణలో మినహాయింపు ఇచ్చారు.

అయితే తన సరకుల ప్రచారం కోసం కంపెనీ చేసే స్పాన్సర్‌షిప్ ఈ లెక్కలోకి రాదు. అనగా కోటుపై కంపెనీ గుర్తు వేసుకొని ప్రచారం చేస్తానని రౌతు అడిగితే అది ప్రకటనల విభాగం పరిధిలోనిది. శిక్షణకు సహాయం కోరితే సామాజిక బాధ్యత విభాగం పరిధిలోనిది. ఒకే ఉత్తరంలో రెండూ కలిపి అడిగితే అది రెండు బల్లల మధ్య తిరుగుతూ ఉండిపోయే ప్రమాదమున్నది.

ప్రాయోజకునికి ఏమి దక్కుతుంది?

ఎఫ్.ఇ.ఐ. నియమాల ప్రకారం ప్రాయోజకుని గుర్తు జీను కింది గుడ్డపై ఒక్కొక్క వైపు 200 చదరపు సెంటీమీటర్లు, కోటుపై ఛాతీ జేబు ఎత్తులో 80 చదరపు సెంటీమీటర్లు మించరాదు. ఒలింపిక్స్‌లో తయారీదారు గుర్తు తప్ప వేరే ప్రకటనకు తావే లేదు. కాబట్టి టీవీలో కనబడతామని ఆశపెట్టడం వలన ప్రయోజనం తక్కువ. దాణా, జీను, పశువుల మందుల వ్యాపారులకు ఈ రంగంలోనే కొనుగోలుదారులు ఉంటారు కనుక ఔత్సాహికుడు ముందుగా వారిని ఆశ్రయించడం మేలు. వారు డబ్బు ఇవ్వకపోయినా సరకు ఇవ్వవచ్చు. విన్నపంలో గత ఫలితాలు, రాబోవు పోటీల తేదీలు, పద్దుల వారీగా ఏడాది ఖర్చు ఉండాలి.

ఒప్పందం

గుర్రం ఎవరి పేరున ఉన్నది, కుంటుపడితే వైద్యం ఎవరిది, బీమా ఎవరు కడతారు, అమ్మదలిస్తే రౌతుకు ఎన్ని నెలల ముందు తెలపాలి అనే నాలుగు విషయాలు కాగితంపై ఉండాలి. ఈ క్రీడలో బాలబాలికలు కూడా ఎక్కువే. 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షను ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదు. మైనరు చేసిన ఒప్పందం చెల్లదని 1903లో మొహొరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పినది. కనుక 18 సంవత్సరాలు నిండని రౌతు తరఫున తల్లిదండ్రులు గాని, సంరక్షకులు గాని సంతకం చేయవలసి ఉంటుంది.