మూలలు కుదరలేదని రాతి మీద గీసిన చర్చి

ఇవాళ కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి.

ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఊళ్లో ఒక పాత రాతి చర్చి చూస్తూనే ఉన్నాం. బస్సులోంచి చూస్తాం, పోతాం. నేనూ అంతే. కిందటి నెల ఒక ఆదివారం సెలవు దొరికితే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌వెల్ అనే ఊరికి వెళ్లాను. కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జ్ వైపు వెళ్లే రైల్లో ఆష్‌వెల్ అండ్ మోర్డెన్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి రెండు మైళ్లు నడవాలి. ఊరు చిన్నదే, కానీ అక్కడి సెయింట్ మేరీ చర్చి టవర్ ఎత్తు 176 అడుగులు! పైన సీసం రేకు తొడిగిన సన్నటి మొనతో కలిపి.

ముందు ఇలాంటి చర్చి ఎలా కడతారో చెప్తాను. కట్టడం తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉంటుంది. పడమర చివర టవర్. దాని తర్వాత జనం చేరే పెద్ద హాలు, దాన్ని నేవ్ అంటారు. దానికి రెండు పక్కలా స్తంభాల వరసలు, వాటి అవతల నడవాలు. తూర్పు చివర పూజ జరిగే చోటు చాన్సెల్. మన గుడిలో మండపం, గర్భగుడి లాగే అనుకోండి. టవర్ మూలల్లో బయటికి పొడుచుకొచ్చిన లావుపాటి రాతి దిమ్మలు కనిపిస్తాయి కదా, అవి అందానికి కాదు. అంత బరువుకి గోడలు బయటికి తోసుకుపోకుండా ఆపడానికి. వాటిని బట్రెస్‌లంటారు.

ఖర్చు ఎవరిది? ఆ కాలంలో ఇంగ్లండులో ఆనవాయితీ ఏంటంటే, చాన్సెల్ బాగోగులు చర్చి ఆదాయం తినే రెక్టర్ చూసుకోవాలి, నేవ్ ఖర్చు ఊరివాళ్లు పెట్టుకోవాలి. అంటే ఈ రాళ్లలో సగం రైతుల డబ్బే.

ఆష్‌వెల్ చర్చి ఎక్కువ భాగం 14వ శతాబ్దంలో కట్టింది. వాడిన రాయి పేరు క్లంచ్. అంటే గట్టిపడిన సుద్దరాయి. ఉలికి వెన్నలా తెగుతుంది. కానీ బయట వానకి, మంచుకి తట్టుకోలేదు, పొరలు పొరలుగా రాలిపోతుంది. రాయి మెత్తన కావడం వల్లే ఇంకో సంగతి జరిగింది. లోపల గోడల మీద, స్తంభాల మీద అప్పటి మనుషులు సూదిమొనతో గీసిన రాతలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

టవర్ లోపల ఉత్తరం గోడ మీద లాటిన్‌లో ఒక రాత ఉంది. 1350 సంవత్సరం, మహమ్మారి, దిక్కుమాలిన పిచ్చికాలం, సాక్ష్యం చెప్పడానికి అడుగుబొడుగు జనం మాత్రమే మిగిలారు అని దాని సారాంశం. దాని కింద 1361లో వచ్చిన పెద్ద గాలివాన గురించి కూడా ఉంది. అప్పట్లో ఇక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి మన లెక్కలో అది 1362 జనవరి. ప్లేగు ఇంగ్లండులోకి 1348లో వచ్చి, దేశంలో మూడో వంతు నుంచి సగం మందిని మింగేసింది. టవర్‌లోనే ఇంకో గీత బొమ్మ ఉంది. 1666లో కాలిపోకముందు లండన్‌లో ఉన్న పాత సెయింట్ పాల్స్ చర్చి బొమ్మ అంటారు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఒక స్తంభం మీద ఉన్న చిన్న రాత. అదీ లాటిన్‌లోనే. మూలలు సరిగ్గా కుదరలేదు, నేను ఉమ్మేస్తున్నా అని దానికి అర్థం చెప్తారు. మా నాన్న తాపీ మేస్త్రి. గోడ మూల కలవకపోతే మూలమట్టం కింద పడేసి సరిగ్గా ఇలాగే తిట్టేవాడు. లాటిన్ వచ్చింది కాబట్టి రాసినవాడు చదువుకున్నవాడే. కానీ కంటికి పని కూడా తెలిసినవాడు.

ఇప్పుడు అసలు సంగతి. ప్లేగులో జనం పోయాక కూలీలు దొరకలేదు. మిగిలినవాళ్లు ఎక్కువ కూలి అడిగారు. న్యాయమే కదా! రాజు మూడో ఎడ్వర్డ్ 1349లో ఒక ఆజ్ఞ, 1351లో ఒక చట్టం తెచ్చాడు. ప్లేగుకి ముందు 1346 నాటి కూలే తీసుకోవాలి. రాయి చెక్కే పెద్ద మేస్త్రికి రోజుకి 4 పెన్నీలు, మిగతా మేస్త్రిలకి 3, వాళ్ల కింద కూలీలకి ఒకటిన్నర. ఒప్పుకున్న గడువు కాకుండా పని వదిలిపోతే జైలు. ఇది చదువుతుంటే స్పాన్సర్ కాగితం జేబులో పెట్టుకుని తిరిగే మనకి ఎక్కడో తగులుతుంది కదా?

అయినా చట్టం అనుకున్నట్టు నిలవలేదు. యజమానులే పనోళ్ల కోసం పోటీపడి దొంగచాటుగా ఎక్కువ ఇచ్చారు. కాలం గడిచేకొద్దీ కూలి పెరిగింది. 1381లో జరిగిన రైతుల తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఈ చట్టం మీద కోపం కూడా ఒకటి.

రాజు పేరు పుస్తకాల్లో ఉంది. ఆ స్తంభం నిలబెట్టిన మేస్త్రి పేరు స్తంభం మీద లేదు. అతని పని మాత్రం ఆరు వందల ఏళ్లు దాటి నిలబడి ఉంది. ఆ పనిని తిట్టిన మాట కూడా దాని మీదే ఉంది.

ఈసారి మీ ఊళ్లో చర్చి తలుపు తీసి ఉంటే ఒక్కసారి లోపలికి వెళ్లండి. చాలా చోట్ల టికెట్ ఉండదు. ఫోన్‌లో టార్చ్ వేసి, వెలుతురు గోడకి పక్కవాటుగా పడేలా పట్టుకోండి. గీతలు అప్పుడే కనిపిస్తాయి. ఏమైనా దొరికితే ఫొటో పెట్టండి, చూద్దాం.